జనరేటర్ నడుస్తుండగా బండిలో నిద్రపోవద్దు

2024 డిసెంబరు 23న కేరళలోని వడకరలో, జాతీయ రహదారి పక్కన ఆగి ఉన్న ఒక కారవాన్‌లో ఇద్దరు శవాలై కనిపించారు. పెళ్లివారిని దింపి తిరిగి వస్తూ, బండి పక్కకు తీసి ఏసీ వేసుకుని ఆగినవారు వాళ్లు. దొంగలు రాలేదు, రోడ్డు ప్రమాదం జరగలేదు. ఏసీకి కరెంటు ఇవ్వడానికి బండికే అమర్చుకున్న జనరేటర్ పొగ, ఫ్లోర్‌లో ఉన్న ఒక రంధ్రం గుండా లోపలికి వచ్చింది. తర్వాత కాలికట్ ఎన్‌ఐటీ నిపుణులు ఆ బండిని పరీక్షిస్తే, రెండు గంటల్లోనే లోపలి గాలిలో కార్బన్ మోనాక్సైడ్ 957 పీపీఎంకు చేరినట్టు తేలింది. బయటి గాలిలో ఈ వాయువు ఎనిమిది గంటల సగటున 9 పీపీఎం దాటకూడదని అమెరికా ప్రమాణం. తేడా చూడండి.

పాత టెంపో ట్రావెలరో, వ్యానో కొని, సీట్లు పీకించి, మంచాలు వేయించి, ఇంట్లో వాడే ఒక టన్ను స్ప్లిట్ ఏసీ బిగించుకుని తిరుపతికో శబరిమలకో బయలుదేరుదామనుకునే కుటుంబాలు ఈ పని మొదలుపెట్టకముందే ఇది చదవాలి. వేసవి ఎండలో పిల్లలతో, పెద్దవాళ్లతో ప్రయాణం కష్టమే. చల్లదనం కోరుకోవడంలో తప్పేమీ లేదు. కానీ ఏ ఏసీ కొనాలి అన్నదానికన్నా ముందు తేల్చుకోవలసిన ప్రశ్న ఒకటుంది: రాత్రి బండి ఆగాక దానికి కరెంటు ఎక్కడి నుంచి వస్తుంది?

లెక్క చిన్నదే. ఒక టన్ను ఏసీ కంప్రెసర్ పూర్తిగా నడిచేటప్పుడు సుమారు 1,000 నుంచి 1,200 వాట్లు లాగుతుంది. 12 వోల్టుల, 150 ఆంపియర్ అవర్ ఇన్వర్టర్ బ్యాటరీలో ఉండేది 1,800 వాట్ అవర్లు. బ్యాటరీ పాడవకుండా వాడుకోగలిగింది అందులో సగం. అంటే గంట కూడా రాదు. ఈ లెక్క ముందు ఎవరూ చెప్పరు. ఏసీ బిగించి, డబ్బు కట్టాక మొదటి రాత్రి తెలుస్తుంది. అప్పుడు మెకానిక్ ఇచ్చే సలహా ఇది: వెనక డిక్కీలోనో ఫ్లోర్ కిందో చిన్న పెట్రోలు జనరేటర్ పెట్టుకోండి. లేదంటే రాత్రంతా ఇంజన్ ఆన్‌లో ఉంచండి.

ప్రాణం మీదికి వచ్చేది ఆ సలహాతోనే. స్ప్లిట్ ఏసీకి గ్యాస్ పైపులు బయటికి వెళ్లాలి, నీళ్లు కారే పైపు కిందికి దిగాలి, జనరేటర్ నుంచి వైరు పైకి రావాలి. ప్రతిదానికీ ఒక రంధ్రం. పాత బండి అయితే తుప్పు చేసిన రంధ్రాలు వీటికి తోడు. చల్లదనం పోకుండా కిటికీలు బిగిస్తాం, తలుపుల రబ్బర్లు మార్పిస్తాం, పైన గాలి వచ్చే సందులన్నీ మూస్తాం. కింద తెరిచిన రంధ్రం మాత్రం అలాగే ఉంటుంది. స్ప్లిట్ ఏసీ బయటి గాలి తీసుకోదు, లోపలున్న గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది. లోపలికి చేరిన విషం ఇక బయటికి పోయే దారి ఉండదు.

కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. పొగ కనిపించడం లేదు కదా అన్న ధైర్యం ఇక్కడ పనికిరాదు. రక్తంలోని హీమోగ్లోబిన్‌కు ఇది ఆక్సిజన్ కన్నా రెండు వందల రెట్లకు పైగా బలంగా అతుక్కుంటుంది. మెలకువగా ఉన్నవాడికి తలనొప్పి, వాంతి, కళ్లు తిరగడం తెలుస్తాయి. నిద్రలో ఉన్నవాడికి ఏదీ తెలియదు.

మిగతా ప్రమాదాలూ తక్కువవి కావు. 12 వోల్టుల మీద ఆ ఏసీని నడిపితే వైరులో వంద ఆంపియర్ల దాకా పారుతుంది. సన్న వైరు, ఫ్యూజు లేని బ్యాటరీ అంటే మంటే. గోడకు కదలకుండా ఉండేలా చేసిన రాగి పైపుల జాయింట్లు గుంతల రోడ్ల కుదుపులకు వదులవుతాయి. కొత్త ఏసీల్లో ఎక్కువగా వాడే ఆర్-32 గ్యాస్ మండే గుణం ఉన్నది. పైగా ఇది చట్టంతో కూడిన విషయం. మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్, కంపెనీ ఇచ్చిన రూపానికి భిన్నంగా బండిని మార్చడాన్ని కట్టడి చేస్తుంది. అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. ముందు ఆర్టీవో ఆఫీసుకు వెళ్లండి, తర్వాత షెడ్డుకు.

ఇప్పటికే బిగించుకున్నవారు ఈ రోజే చేయవలసినవి ఉన్నాయి. జనరేటర్‌ను బండి నుంచి దించేయండి. వాడక తప్పకపోతే 20 అడుగుల దూరంలో, పొగ గొట్టం అవతలి వైపుకు తిప్పి పెట్టండి. దిగిన సత్రంలోనో లాడ్జిలోనో ప్లగ్ అడిగి, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేసే స్విచ్) ద్వారా కరెంటు తీసుకోవడం అంతకన్నా మంచిది. అదీ దొరకని రాత్రి ఏసీ ఆపి, కిటికీలు తెరిచి, ఫ్యాన్ వేసుకోండి. ఫ్లోర్‌లో రంధ్రాలన్నీ వెతికి మూయించండి. పడుకునే ఎత్తులో కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టండి. వంటగ్యాస్ అలారం, పొగ అలారం దీన్ని పసిగట్టవు. బండి అద్దెకిచ్చే యజమానులకు ప్రత్యేకంగా చెప్పాలి: యాత్రికులు గదుల్లో పడుకుంటే, బండిలో పడుకునేది మీ డ్రైవరూ క్లీనరే.

బండిలో ఎవరైనా లేపినా లేవకపోతే ముందు తలుపులన్నీ తీసి, మీరు ఊపిరి బిగబట్టి వాళ్లను బయటికి లాగండి. 108కి ఫోన్ చేయండి. ఆస్పత్రిలో వేలికి పెట్టే పల్స్ ఆక్సీమీటర్ ఈ విషాన్ని ఆక్సిజన్‌గానే లెక్కగట్టి 98, 99 చూపించవచ్చు. అందుకని డాక్టరుకు మొదట చెప్పవలసిన మాట ఇది: మూసిన బండిలో, జనరేటర్ నడుస్తుండగా పడుకున్నారు.