కుర్చీ చేతుల మీద చెక్క

పోయిన శనివారం మా ఐదేళ్ళవాణ్ణి క్రాపు వేయించడానికి ఇక్కడి బార్బర్ షాపుకి తీసికెళ్ళాను. షాపాయన కుర్చీలో ఎత్తుపీట వేసి వాణ్ణి ఎక్కించి, చెయ్యి కలిపి, తన పేరు చెప్పి వాడి పేరు అడిగారు. తిరిగొచ్చేటప్పుడు కార్లో మావాడి ప్రశ్న: "నాన్నా, చిన్నప్పుడు నీకు కటింగ్ చేసినాయన పేరేంటి?"

నాకు తెలియదు!

రేపల్లెలో స్టేషను రోడ్డున ఉండేది ఆ షాపు. 1995 ప్రాంతం. ఒకటే గది, రెండు కుర్చీలు, ఎదురుబొదురు అద్దాలు. వాటిల్లో నా బుర్రలు వరసకట్టి ఎక్కడికో వెళ్ళిపోయేవి. గోడమీద "పెదరాయుడు" పోస్టరు. ఒక్క ఈనాడు పేపరు నాలుగు ముక్కలై నలుగురి చేతుల్లో. మంగళవారం సెలవు. కుర్చీ చేతుల మీద అడ్డంగా చెక్క వేసి నన్ను కూర్చోబెట్టేవారు. ఆ చెక్క అక్కర్లేని రోజు ఎప్పుడొస్తుందా అని నా బెంగ. చివర్లో మెడ వెనక కత్తి గీసి పటిక రాస్తే చుర్రుమనేది. ఇంటికి మాత్రం దొడ్డిదారినే రావాలి. నూతిదగ్గర స్నానమయ్యేదాకా ఏదీ ముట్టుకోకూడదు.

ఇప్పుడు మర్యాదగా రాస్తున్నాను గాని, తాతయ్య ఈడు మనిషిని అప్పుడు "నువ్వు" అనేవాణ్ణి. మా ఇంట్లో ఆయనకి కులం పేరే పేరు.

తాతయ్యకి గడ్డం గియ్యడానికి ఆయనే ఇంటికొచ్చేవారు. ఒకరోజు దవడ కింద వేళ్ళు ఆపి అన్నారు: "అయ్యగారూ, ఇక్కడ గట్టిగా గడ్డ తగుల్తోంది. పోయిన నెల లేదు. నొప్పి లేదంటున్నారు చూడండి, అదే నాకు భయం. గుంటూరెళ్ళి చూపించుకోండి." తాతయ్య చుట్ట పక్కన పెట్టి నవ్వారు. "గడ్డం సంగతి చూడవోయ్, గడ్డల సంగతి నీకెందుకు?" మేమందరం కూడా నవ్వాం. ఆరునెలలకి గుంటూరు వెళ్ళేసరికి ఆలస్యమయిపోయింది. ఏడాది తిరక్కుండా తాతయ్య పోయారు.

గుంటూరు మెడికల్ కాలేజీలో సర్జరీ క్లాసులో విన్నాను: పొగతాగే పెద్దవయసు వాళ్ళకి మెడలో నొప్పిలేని గట్టిగడ్డ వస్తే క్యాన్సరేమోనని ముందు అనుమానించాలని. ఆ పాఠం నేను మా అరుగు మీద ఏనాడో విన్నదే. చెప్పింది డాక్టరు కాదు గనుక వినలేదు, అంతే.

నిజానికి వాళ్ళదీ మాదీ ఒకే వృత్తి. ఇంగ్లండులో 1540 నుంచి క్షురకులకీ సర్జన్లకీ ఒకటే సంఘం. విడిపోయింది 1745లో. మన ఊళ్ళల్లోనూ కురుపులు కోసింది వాళ్ళే, పురుళ్ళు పోసింది చాలాచోట్ల వాళ్ళ ఇళ్ళ ఆడవాళ్ళే. మనవాళ్ళు వైద్యానికి గౌరవమిచ్చి, కత్తికి అంటు అంటగట్టారు.

2018లో లాస్ ఏంజెలస్ నుంచి ఒక పరిశోధన వెలువడింది. 52 నల్లజాతి బార్బర్ షాపుల్లో బి.పి. ఎక్కువున్న 319 మందిని తీసుకున్నారు. కొన్ని షాపులకి ఫార్మసిస్టులే వచ్చి మందులిచ్చారు. ఆరునెలల్లో పై అంకె సగటున 27 పాయింట్లు దిగింది. క్షురకుడు సలహా మాత్రమే చెప్పిన షాపుల్లో 9 దిగింది. ఆస్పత్రికి రాని మనిషి కూడా ఆ కుర్చీలో కూర్చుంటాడు, తల వంచుతాడు, చెప్పింది వింటాడు. మా తాతయ్య ఒక్కరే వినలేదు.

రేపల్లెలో బాబాయికి ఫోను చేశాను. "పేరా? అందరం అట్లాగే పిలిచేవాళ్ళం కదరా!" అని కాసేపు ఊరుకున్నాడు. ఆ మాటలతో ఎవర్నీ కించపరచగూడదని 2022లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఉత్తర్వే ఇచ్చింది. ఉత్తర్వు మాట ఆపగలదు, పేరు తెచ్చివ్వలేదు. వాళ్ళబ్బాయి షాపు ఇంకా ఉందట, కనుక్కుని చెప్తానన్నాడు బాబాయి.

మావాడు రోజూ అడుగుతున్నాడు. మీ ఊరి ఆయన పేరు మీకు గుర్తుందా? వచ్చే నెల కలుద్దాం.