నొప్పి మాత్ర అంటే చాలదు, పేరు అడగాలి

మోకాలు నొప్పైనా, పంటి నొప్పైనా, నడుము నొప్పైనా మందుల షాపులో వినిపించే మాట ఒకటే: 'నొప్పికి ఓ మాత్ర ఇవ్వండి'. ఆ ఒక్క మాట ఎన్నో రకాల మందులను ఒకే గాటన కట్టేస్తుంది. నిజానికి అవి శరీరంలో వేర్వేరు చోట్ల, వేర్వేరు పద్ధతుల్లో పనిచేస్తాయి. వాటితో వచ్చే ముప్పు కూడా వేర్వేరే.

దెబ్బ తగిలిన చోట కణాలు ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలను తయారు చేస్తాయి. వాటి వల్ల వాపు వస్తుంది, నాడుల కొసలు చిన్న ఒత్తిడికే నొప్పిని పసిగడతాయి. ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వంటివి ఈ రసాయనాల తయారీకి కావలసిన కాక్స్ ఎంజైమ్‌ను అడ్డుకుంటాయి. ఆస్పిరిన్ పనిచేసే ఈ తీరును బ్రిటన్ శాస్త్రవేత్త జాన్ వేన్ 1971లో వెల్లడించారు. 1982లో నోబెల్ బహుమతి అందుకున్న ముగ్గురిలో ఆయన ఒకరు. అయితే కడుపు లోపలి పొరను ఆమ్లం నుంచి కాపాడేవీ, కిడ్నీలకు రక్తం సరిగా అందేలా చూసేవీ కూడా ఈ ప్రోస్టాగ్లాండిన్లే. అందుకే ఈ మాత్రలను ఎక్కువకాలం వాడితే కడుపులో పుండు పడవచ్చు, కిడ్నీలు దెబ్బతినవచ్చు.

పారాసెటమాల్ దారి వేరు. అది వాపును పెద్దగా తగ్గించదు. ముఖ్యంగా మెదడు, వెన్నుపాములలో పనిచేస్తుందని శాస్త్రవేత్తలు భావిస్తున్నారు. కడుపును అంతగా ఇబ్బంది పెట్టదు కానీ, మోతాదు మించితే కాలేయాన్ని దెబ్బతీస్తుంది. పెద్దలకైనా రోజుకు 4 గ్రాములు దాటకూడదు. ఎసిక్లోఫెనాక్‌తో కలిపి అమ్మే నొప్పి మాత్రల్లోనూ పారాసెటమాల్ ఉంటుంది. ఆ సంగతి తెలియక జ్వరానికి విడిగా ఇంకొకటి వేసుకుంటే మోతాదు రెట్టింపవుతుంది.

మార్ఫిన్ దెబ్బ తగిలిన చోటి జోలికి పెద్దగా పోదు. వెన్నుపాము, మెదడులోని ఓపియాయిడ్ గ్రాహకాలకు అతుక్కుని, నొప్పి కబురును అక్కడే బలహీనపరుస్తుంది. మోతాదు మించితే శ్వాస మందగిస్తుంది కాబట్టి వైద్యుల పర్యవేక్షణ తప్పనిసరి. మాదకద్రవ్యాల నియంత్రణకు 1985లో వచ్చిన చట్టం రోగులకు దీన్ని అందనంత దూరం చేయడంతో, 2014లో సవరించి కొంత వెసులుబాటు ఇచ్చారు.

మన భయాలు మాత్రం తారుమారయ్యాయి. చీటీ మీదే అమ్మవలసిన డైక్లోఫెనాక్ మాత్రలను నెలల తరబడి సొంతంగా మింగడానికి జంకని కుటుంబమే, క్యాన్సర్ రోగికి వైద్యుడు రాసిన మార్ఫిన్ అంటే 'అలవాటైపోతుందేమో' అని వెనకాడుతుంది. ఒకచోట అనవసర హాని, మరోచోట అనవసర బాధ.

దీనికి విరుగుడు కష్టమైనదేమీ కాదు. మాత్ర కొనేటప్పుడు అందులో ఏ మందులున్నాయో, ఎన్ని రోజులు వాడవచ్చో అడగాలి. కడుపు పుండు, కిడ్నీ, కాలేయం, గుండె జబ్బులుంటే ముందే చెప్పాలి. స్ట్రిప్ మీద ఆ పేర్లు తెలుగులోనూ పెద్ద అక్షరాల్లో ఉంటే, అడగడం తెలియనివారికి కూడా రక్షణ దొరుకుతుంది.