జవాబు ఎవరికి చేరుతోంది?

ఆంధ్రప్రదేశ్‌లో ‘మన బడి నాడు-నేడు’ కింద రూపురేఖలు మారిన పాఠశాలల్లో 2023 నుంచి ముప్పై వేలకు పైగా తరగతి గదులకు ఇంటరాక్టివ్ ఫ్లాట్ ప్యానెళ్లు చేరాయి. ఉపాధ్యాయులు ఐఎఫ్‌పీలని పిలుచుకునే ఈ పరికరం వేలితో తాకితే స్పందించే, కంప్యూటరును తనలోనే ఇముడ్చుకున్న పెద్ద తెర. దానిమీద రాయవచ్చు, చెరిపివేయవచ్చు, వీడియో చూపవచ్చు, ఘనాకృతులను ఎటు కావాలంటే అటు తిప్పవచ్చు. తెలంగాణలో 2016లోనే ఉన్నత పాఠశాలల్లో డిజిటల్ తరగతులు మొదలై, తరువాతి కాలంలో ఈ ప్యానెళ్లూ వచ్చి చేరాయి. బడికి కనీస బోధన సామగ్రి సమకూర్చడానికి 1987లో ‘ఆపరేషన్ బ్లాక్‌బోర్డు’ చేపట్టవలసి వచ్చిన దేశంలో ఇది చిన్న మార్పు కాదు. విద్యార్థులను పాఠంలో భాగస్వాములను చేయడం, ఉపాధ్యాయునికి చేదోడుగా నిలవడం ఈ పెట్టుబడికి చెప్పే రెండు కారణాలు. అవి నెరవేరుతున్నాయో లేదో తేల్చడానికి మాత్రం అమర్చిన ప్యానెళ్ల సంఖ్య చాలదు; ఉపాధ్యాయుడు ఒక ప్రశ్న వేసినప్పుడు, పీరియడ్ ముగిసేలోగా ఎంతమంది పిల్లల జవాబులు ఆయనకు చేరాయన్నది చూడాలి.

నలభై మంది ఉన్న తరగతిలో ప్యానెల్ వద్దకు ఒకసారికి వచ్చేది ఒక్కరే. ఆ ఒక్కరు సరైన బొమ్మను లాగి సరైన గడిలో పెడుతుంటే మిగిలిన ముప్పై తొమ్మిది మందికి ఆ తెర టీవీతో సమానం. బడిలో టీవీ అన్నది తెలుగువారికి కొత్త కాదు. 1975 ఆగస్టు నుంచి 1976 జులై వరకు అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 సాయంతో ఆరు రాష్ట్రాల్లోని 2,400 గ్రామాలకు కార్యక్రమాలు ప్రసారం చేసిన ‘సైట్’ ప్రయోగంలో ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. ఉదయం వేళ బడిపిల్లలకు, సాయంత్రం పెద్దలకు ఆ ప్రసారాలు సాగేవి. ఉపాధ్యాయ శిక్షణకు కూడా ఆ ఉపగ్రహాన్ని వాడుకోవడం నేటి ప్రణాళికల్లో కొరవడిన ముందుచూపు. తరువాత ఉపగ్రహం ద్వారా పాఠాలు అందించే ‘మన టీవీ’, ఆపై తెలంగాణలో ‘టీ-శాట్’ అదే బాటలో నడిచాయి. 2020లో కొవిడ్ కారణంగా బడులు మూతపడినప్పుడు దూరదర్శన్‌తో పాటు టీ-శాట్ పాఠాలే ఎందరో పిల్లలకు దిక్కయ్యాయి. వీటన్నిటిలోనూ ప్రధానంగా పాఠం అటునుంచి ఇటు వచ్చిందే తప్ప పిల్లవాడి సందేహం ఇటునుంచి అటు వెళ్లడం అరుదు. తాకితే కదిలే తెర వచ్చినంత మాత్రాన ఈ లోటు దానంతటదే తీరిపోదు.

ఈ విషయంలో ఇంగ్లండు అనుభవం కళ్లు తెరిపించేది. ఇరవయ్యొకటో శతాబ్దపు తొలి దశకంలో అక్కడి ప్రభుత్వం పాఠశాలలకు ఇంటరాక్టివ్ వైట్‌బోర్డులు పెద్దఎత్తున సమకూర్చింది. లండన్ ఉన్నత పాఠశాలల్లో ఆ కార్యక్రమం ఫలితాలపై జెమ్మా మాస్ నాయకత్వంలోని పరిశోధక బృందం 2007లో నివేదిక ఇచ్చింది. బోర్డులు ఉపాధ్యాయులకు నచ్చాయి, వాడకమూ పెరిగింది, అయితే బోర్డులు పూర్తిగా అమర్చిన తొలి సంవత్సరంలో విద్యార్థుల ఫలితాల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అంతకంటె ఆలోచింపజేసే పరిశీలన మరొకటి ఉంది: చదువులో వెనుకబడిన పిల్లల తరగతుల్లో ఒక్కొక్కరినీ బోర్డు దగ్గరకు పిలిచి తాకించడం వల్ల పాఠం వేగం మందగించింది. పరికరంతో పిల్లవాడి చేతికి కలిగే సంబంధాన్ని పాఠంతో అతని బుద్ధికి కలిగే సంబంధంగా పొరబడటమే ఇందులోని చిక్కు. కొనుగోలు నిర్ణయాలు తీసుకునేవారు ఈ నివేదికను చదివినట్టు మాత్రం ఎక్కడా కనిపించదు.

తరగతి మొత్తం జవాబును ఒకేసారి రాబట్టే పద్ధతికి చక్కటి నమూనా హార్వర్డ్ విశ్వవిద్యాలయ భౌతికశాస్త్ర ఆచార్యుడు ఎరిక్ మజూర్ 1990వ దశకం తొలినాళ్ల నుంచి అనుసరించిన బోధన. ఆయన పాఠం మధ్యలో ఆపి, భావన అర్థమైందో లేదో తేల్చే బహుళైచ్ఛిక ప్రశ్న ఒకటి ఇస్తారు. ప్రతి విద్యార్థీ ఎవరికి వారుగా జవాబు తెలియజేస్తారు. ఇందుకు వాడే చిన్న మీట పరికరానికి క్లికర్ అని పేరు. సరైన జవాబు చెప్పినవారు సుమారు 30 నుంచి 70 శాతం మధ్య ఉంటే, విద్యార్థులు పక్కవారితో వాదించుకుని మళ్లీ జవాబివ్వాలి. 30 కంటె తక్కువైతే ఆచార్యుడే భావనను తిరిగి వివరించాలి. 70 దాటితే ముందుకు సాగిపోవచ్చు. ఇక్కడ యంత్రం చేసే పని అత్యల్పం, అది అందించే సమాచారం మాత్రం అమూల్యం, ఎందుకంటే తరువాతి పది నిమిషాలు ఏం చేయాలో ఉపాధ్యాయుడు దాన్ని చూసే నిర్ణయించుకుంటాడు. బోధన సాగుతుండగానే అభ్యసనాన్ని అంచనా వేసి, ఆ అంచనాను బట్టి బోధనను మార్చుకోవడాన్ని విద్యాశాస్త్రం నిర్మాణాత్మక మూల్యాంకనం అంటుంది. తెలుగు రాష్ట్రాల బడుల్లో అదే పేరుతో, ఎఫ్‌ఏ అన్న పొడి అక్షరాలతో, మార్కులు వేసి రిజిస్టరులో నమోదు చేసే పరీక్షలు జరుగుతుండటం ఒక విచిత్రం.

ఈ పద్ధతికి ఖరీదైన సరంజామా అక్కరలేదని ‘ప్లికర్స్’ అనే ఏర్పాటు చూపిస్తుంది. ఇందులో ప్రతి విద్యార్థికీ నలుపు-తెలుపు గళ్లు ముద్రించిన ఒక కాగితపు అట్ట ఉంటుంది. దాని నాలుగు అంచుల్లో ఎ, బి, సి, డి అన్న అక్షరాలుంటాయి. తాను ఎంచుకున్న అక్షరం పైకి వచ్చేలా విద్యార్థి అట్టను తిప్పి పట్టుకుంటే, ఉపాధ్యాయుడు తన ఫోను కెమెరాను తరగతి మీదుగా ఒకసారి తిప్పగానే ఎవరి జవాబు ఏమిటో పేర్లతో సహా ఫోనులో కనిపిస్తుంది. ఒక్కో అట్ట గళ్ల అమరిక వేరు, అక్షరాలు చిన్నవి, కనుక పక్కవాడి అట్ట చూసి కాపీ కొట్టడం కష్టం. తప్పు చెప్పినవాడెవడో తోటివారికి తెలియదు కనుక సిగ్గుపడే పిల్లలు సైతం జవాబిస్తారు. పలక మీద బలపంతో జవాబు రాసి పైకెత్తి చూపడం ఎరిగిన సమాజానికి ఇందులోని సూత్రం పరాయిది కాదు. కెమెరా అదనంగా చేసేది లెక్క కట్టడం, గుర్తుపెట్టుకోవడం.

అయితే పరికరం ఏదైనా, అడిగే ప్రశ్న పసలేనిదైతే తిరిగివచ్చే సమాచారమూ అలాగే ఉంటుంది. దశాంశ భిన్నాల పాఠంలో 0.62, 0.7, 0.385 అన్న మూడు సంఖ్యలిచ్చి పెద్దది ఏదని అడిగినప్పుడు 0.385ను ఎంచుకున్న పిల్లవాడు బిందువు తరువాతి అంకెలను మూడు వందల ఎనభై అయిదుగా చదువుతున్నాడని అర్థం. 0.7ను ఎంచుకున్న వారందరికీ పాఠం వచ్చినట్టని భావించడమూ పొరపాటే. అంకెలు తక్కువుంటే సంఖ్య పెద్దదన్న మరో అపోహతో ఆ జవాబుకు చేరినవారు వారిలో ఉండవచ్చు, కనుక వెంటనే 0.3, 0.38లలో పెద్దది ఏదని అడగాలి. ఇటువంటి జంట ప్రశ్నలు తయారుచేయడానికి పిల్లలు ఏ రకం తప్పులు ఎందుకు చేస్తారో తెలిసిన అనుభవజ్ఞులైన ఉపాధ్యాయులు కావాలి. రాష్ట్ర విద్యా పరిశోధన, శిక్షణ మండళ్లు ప్రతి పాఠానికీ నాలుగైదు చొప్పున వీటిని తెలుగు, ఉర్దూ, ఇంగ్లిషు మాధ్యమాల్లో రాయించి ఉపాధ్యాయుల చేతికిస్తే, వందల గంటల యానిమేషన్ వీడియోల కంటె తక్కువ ఖర్చుతో ఎక్కువ మేలు జరుగుతుంది.

తరగతి స్థాయికి తగిన వీడియోలకు మరో పరిమితి ఉంది. కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్, అలెహాండ్రో గనీమియన్ ఢిల్లీలో నిర్వహించి 2019లో ప్రచురించిన అధ్యయనంలో, ఆరో తరగతి పిల్లలు గణితంలో సగటున రెండున్నర తరగతులు వెనుకబడి ఉన్నారని తేలింది. అంతగా వెనుకబడిన పిల్లవాడికి ఆరో తరగతి పాఠాన్ని ఎంత రంగుల్లో చూపినా అందేది స్వల్పం. వారు పరీక్షించిన ‘మైండ్‌స్పార్క్’ అనే సాఫ్ట్‌వేర్ పిల్లవాడి జవాబులను బట్టి అతని స్థాయి గుర్తించి, అక్కడినుంచే అభ్యాసాలిస్తుంది. బడి వేళల తరువాత, చిన్న బృందాలకు ఒక బోధకుడు తోడుండగా, నాలుగున్నర నెలల్లోనే గణితంలోనూ హిందీలోనూ గణనీయమైన మెరుగుదల కనిపించింది. దీనికి పక్కనే పెట్టి చూడవలసింది గుజరాత్‌లో లీ లిండెన్ జరిపిన అధ్యయనం: అక్కడ ఒకే కంప్యూటర్ కార్యక్రమం, బడి వేళల వెలుపల అదనంగా నడిపినప్పుడు ఫలితాలు పెరిగి, ఉపాధ్యాయుని బోధన సమయాన్ని తీసుకుని నడిపినప్పుడు తగ్గాయి. ఆంధ్రప్రదేశ్‌లో వ్యక్తిగత అభ్యసన సాఫ్ట్‌వేర్‌తో సాగుతున్న కార్యక్రమాన్నీ, తెలంగాణ 2025లో ప్రాథమిక పాఠశాలల్లో మొదలుపెట్టిన కృత్రిమ మేధ ఆధారిత అభ్యసనాన్నీ నడిపేవారు ఈ తేడాను టైమ్‌టేబుల్ వేసేనాడే గుర్తుంచుకోవాలి.

ఉపాధ్యాయునికి చేయూత అన్న మాటను ఇంకాస్త నిక్కచ్చిగా పరిశీలించవలసి ఉంది. గత దశాబ్దంలో టీచరు ఫోనులోకి వచ్చి చేరిన సాంకేతికతలో ఎక్కువ భాగం పై అధికారుల అవసరాలకు ఉద్దేశించినదే: పిల్లల హాజరు, తన హాజరు, మధ్యాహ్న భోజనం లెక్క, కోడిగుడ్ల లెక్క, మరుగుదొడ్ల ఫొటోలు. 2022లో ముఖ గుర్తింపు హాజరు యాప్‌పై ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధ్యాయ సంఘాలు ఆందోళనకు దిగాయి. ఆ తరువాత వచ్చిన ప్రభుత్వం పలు యాప్‌లను ‘లీప్’ అనే ఒక్కదానిలోకి తేవడాన్ని భారం ఉన్నదన్న అంగీకారంగానే భావించాలి. పాఠశాలలపై కేంద్రం సేకరించే 2024-25 యూడైస్ ప్లస్ లెక్కల ప్రకారం దేశంలో లక్షకు పైగా ఏకోపాధ్యాయ పాఠశాలలుంటే, 12 వేలకు మించిన సంఖ్యతో ఆంధ్రప్రదేశ్ ఆ జాబితాలో ముందుంది. అయిదు తరగతులను ఒక్కచేత్తో నడిపే టీచరుకు నిజమైన సాయమంటే, రెండో తరగతికి తాను చదవడం నేర్పుతున్నంతసేపూ నాలుగో తరగతిని ఉపయోగకరమైన అభ్యాసంలో ఉంచి, సాయంత్రానికి ఎవరెక్కడ ఆగిపోయారో చెప్పగల సాధనం. పెద్ద ప్యానెళ్లు ఉన్నత తరగతులకు వెళ్లి, ఇటువంటి బడులకు మామూలు స్మార్ట్ టీవీలతో సరిపెట్టడం తలకిందుల ప్రాధాన్యం.

పాఠ్యాంశం ఎవరి సొత్తన్నది తేల్చుకోవలసిన మరో అంశం. 2022 జూన్‌లో ఆన్‌లైన్ పాఠాల సంస్థ బైజూస్‌తో ఒప్పందం చేసుకున్న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అదే ఏడాది డిసెంబరు 21 నుంచి, ఆ సంస్థ పాఠాలు నింపిన ట్యాబ్‌లను ఎనిమిదో తరగతి విద్యార్థులకూ ఉపాధ్యాయులకూ కలిపి అయిదు లక్షలకు పైగా పంపిణీ చేసింది. 2024 జులైలో ఆ సంస్థ మాతృ కంపెనీపై దివాలా ప్రక్రియ మొదలైంది. ఏ కంపెనీ భవితవ్యం ఎలా ఉంటుందో ముందుగా ఊహించలేకపోవడం తప్పు కాదు. పిల్లల పాఠాలను ఆ భవితవ్యానికి ముడిపెట్టడం మాత్రం తప్పే. 2017లో మొదలైన ‘దీక్ష’ డిజిటల్ పాఠాల వేదిక, పాఠ్యపుస్తకాల్లోని క్యూఆర్ కోడ్‌లు ప్రభుత్వ సొంత నిర్వహణలో ఉన్నాయి. ప్రశ్నల నిధిని అక్కడే ఉంచితే ఏ ప్యానెల్ నుంచైనా, ఏ ఫోను నుంచైనా దాన్ని తెరవవచ్చు.

రెండు రాష్ట్రాల విద్యాశాఖలూ ఇకపై పిలిచే టెండర్లలో తెర కొలతకు, స్పష్టతకు ఉన్నన్ని నిబంధనలు మరో మూడింటికి కూడా పెట్టాలి: తరగతిలోని ప్రతి పిల్లవాడి జవాబునూ పరికరం ఉపాధ్యాయునికి చేర్చగలగాలి, నెట్ లేని రోజునా అది పనిచేయాలి, పాడైన పరికరాన్ని నిర్ణీత గడువులోగా బాగుచేసే బాధ్యత సరఫరాదారు మీదే ఉండాలి. శిక్షణను ప్యానెల్ అమ్మిన కంపెనీ ప్రతినిధికి ఒకరోజు కార్యక్రమంగా అప్పగించకుండా, అదే సబ్జెక్టు చెప్పే తోటి ఉపాధ్యాయులతో స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లో ఏడాది పొడవునా జరిపించాలి.