ఏసీ షాపు వస్తే రైతు బాగుపడతడా?

కొంచెం పెద్ద పోస్టు, ఓపికతోటి చదవండి.

ఈ మధ్య మన గ్రూపుల ఒకటే తీరు వీడియోలు తిరుగుతున్నయి. అమెరికాలనో లండన్‌లనో ఉన్న మన పిల్లలు అక్కడి సూపర్ మార్కెట్లకు పోయి తీసినవి. వరుసగా పేర్చిన టమాటలు, మచ్చ లేని వంకాయలు, చల్లటి ఏసీ. చివర్ల ఒక మాట: "మన దగ్గర కూడా ఇట్లాంటివి వస్తే దళారి పోతడు, రైతుకు మంచి రేటు వస్తది." మనోళ్లు దాన్ని నమ్మి పది మందికి పంపుతున్నరు.

ఆ మాట తప్పు. లెక్కతోటి చెప్త, మీరే చూడండి.

అమెరికా వ్యవసాయ శాఖ ప్రతి ఏడు ఒక లెక్క తీస్తది. జనం తిండికి పెట్టే డాలర్‌ల రైతుకు ఎంత ముడుతున్నదని. 2023 లెక్కల 100 సెంట్లకు రైతుకు వచ్చింది 16 సెంట్ల లోపే. అందుల హోటల్ తిండి, ప్యాకెట్ల తిండి కూడా కలిసి ఉన్నయి కాబట్టి మన కూరగాయలతోటి సమానంగ తూచలేం. మన దగ్గర 2024ల రిజర్వ్ బ్యాంకు వాళ్ల అధ్యయనం ఒకటి వచ్చింది. కొనేటోడు పెట్టే రూపాయిల టమాట రైతుకు 33 పైసలు, ఉల్లి రైతుకు 36, ఆలుగడ్డ రైతుకు 37. మనది బాగున్నదని నేను అంటలేను. మూడింట రెండు వంతులు మధ్యలనే పోతున్నయి. కానీ అద్దాల షాపులు నిండిన దేశంల కూడా రైతు వాటా ఏం పెరగలేదు. దళారి లేచిపోయిన కుర్చీల ప్యాకింగు, కోల్డ్ స్టోరేజీ, షాపు కిరాయి, అడ్వర్టైజ్‌మెంటు వచ్చి కూసున్నయి.

ఇంగ్లండ్ సంగతి చూడండి. క్రిస్మస్ ముందు అక్కడి పెద్ద కంపెనీలు పోటీ పడి క్యారెట్, ఆలుగడ్డ సంచి 20 పెన్నీల లోపు అమ్ముతయి. కొనేటోళ్లకు పండుగే. పండించినోడి సంగతి? 2024 జనవరిల లండన్ పార్లమెంటు ముంగట 49 దిష్టిబొమ్మలు నిలబెట్టిన్రు, మనం చేన్ల పెట్టే దిష్టిబొమ్మలే. ఏడాదిల వ్యవసాయం మూసుకోవాల్సి వస్తదేమో అని ఒక సర్వేల 49 శాతం మంది కూరగాయల, పండ్ల రైతులు చెప్పిన్రు, దానికి గుర్తుగ. సూపర్ మార్కెట్లు ముందు రోజు ఆర్డర్ రద్దు చేస్తున్నయి, పైసలు ఆపుతున్నయి అని వాళ్ల గోస. వీడియో తీసిన పిల్లగానికి ఆ దిష్టిబొమ్మలు కనపడవు. షాపు ముందు తలుపు నుంచి పోయేటోనికి వెనక తలుపు తెల్వదు.

ఇక మన దగ్గర. 2006ల హైదరాబాద్‌ల రిలయన్స్ ఫ్రెష్ మొదటి షాపులు తెరిచినప్పుడు, 2012ల విదేశీ కంపెనీలకు 51 శాతం దాక పెట్టుబడికి కేంద్రం ఒప్పుకున్నప్పుడు, రెండు సార్లూ మన పేరే చెప్పిన్రు. రైతు దగ్గర నేరుగ కొంటరు, మధ్యవర్తి ఉండడు అని. ఇన్నేండ్ల తర్వాత చూడండి, కూరగాయల రైతుల ఎంత మంది ఇంకా తెల్లారకముందే మార్కెట్ల కాంటా కాడ నిలబడుతున్నరో.

కొనే చోట ఎట్ల కొంటున్నరు? చాలా చోట్ల రాతకోత లేదు. ఆ పొద్దు మార్కెట్ రేటు చూసుకొని దానికి అటు ఇటుగ ఇస్తరు. నెంబర్ వన్ సరుకే తీస్తరు. మిగిలింది నీ తిప్పలు నువ్వు పడాలె. నాకు జరిగిందే చెప్త. ఒక కంపెనీ మనిషి ఫోన్ చేసి 40 ట్రేల టమాట తెమ్మన్నడు. తీస్కపోతే 22 తీసుకొని 18 వాపస్ చేసిండు, సైజు సరిపోలేదన్నడు. కాగితం లేదు, అడిగే దిక్కు లేదు. అవి లక్ష్మీపురం మార్కెట్ చేరేసరికి పొద్దెక్కింది, సగం రేటుకు పోయినయి. తీసుకున్న 22కు పైసలు మూడు వారాలకు పడ్డయి.

అట్లని మార్కెట్ యార్డు స్వర్గమని నేను అనను. ఎనుమాములల మిర్చి బస్తాలు ఎక్కువ వచ్చిన పొద్దు రేటు ఎట్ల పడతదో మీకు నేను చెప్పాల్నా? తరుగు, కమీషన్ సంగతి అందరికీ ఎరుకే. కొనేటోడు ఇంకొకడు వస్తే మనకు మంచిదే. రమ్మందాం. కానీ ఏ షరతు మీద వస్తున్నడు, అదే నా ప్రశ్న.

విదేశాల నుంచి మనం తెచ్చుకోవాల్సింది అక్కడి చట్టం. షాపులు వాటంతట అవే వస్తయి. యూరప్ దేశాలు 2019ల ఒక నియమం పెట్టుకున్నయి. పాడైపోయే సరుకుకు 30 రోజుల లోపల పైసలు కట్టాలె. 30 రోజుల కంటే తక్కువ గడువుల ఆర్డర్ రద్దు చేయొద్దు. రైతు తప్పు లేకుండ షాపుల కుళ్లిన సరుకు ఖర్చు రైతు మీద వేయొద్దు. ఇంగ్లండ్‌ల 2013 చట్టంతోటి ఒక అధికారిని పెట్టిన్రు, పెద్ద సూపర్ మార్కెట్ల మీద కంప్లైంట్లు చూసేటందుకు. 2016ల ఆ అధికారి టెస్కో మీద రిపోర్టు ఇచ్చింది, సరుకు ఇచ్చినోళ్ల పైసలు తెలిసి తెలిసి ఆలస్యం చేసిందని. దేశంల అందరికన్నా పెద్ద షాపు మీద! ఆ చట్టంల లోపం కూడా ఉన్నది. నేరుగ షాపుకు అమ్మినోనికే రక్షణ, మధ్యల ప్యాకింగ్ కంపెనీకి అమ్మిన రైతుకు లేదు. మనం రాసుకున్ననాడు ఆ సందు లేకుండ రాసుకోవాలె.

వ్యవసాయం, మార్కెట్లు రాజ్యాంగంల రాష్ట్ర జాబితాల ఉన్నయి. అంటే హైదరాబాద్‌ల కూసున్నోళ్లే ఇది చేయొచ్చు. అడగాల్సినవి నాలుగే. ఆర్డర్ కాగితం మీద ఉండాలె, కిలోలు, సైజు, రేటు కట్టే పద్ధతి రాసి. గ్రేడింగ్ మన కండ్ల ముందు చేసి, వాపస్ చేస్తే కారణం రాసియ్యాలె. పైసలు వారం లోపల పడాలె. జరిమానా వేసే అధికారం ఉన్న ఆఫీసర్ జిల్లాకొకడు ఉండాలె.

ఇంకోటి, ఒక్కొక్కలం పోతే ఎవడూ వినడు. రెండెకరాలోడు కంపెనీతోటి బేరం ఏం చేస్తడు? దీనికి లండన్ దాక పోవాల్సిన పని లేదు, మన ముల్కనూరు పోయి చూడండి. 1956ల పెట్టిన సహకార సంఘం ఇప్పటికీ నడుస్తున్నది. అప్పు ఇస్తది, వడ్లు కొంటది, మిల్లు పడతది. అక్కడి ఆడోళ్లు సొంతంగ పాల డెయిరీ నడుపుతున్నరు. కూరగాయలకు ఆ పని ఎందుకు చేసుకోలేం?

ఇకనుంచి మాల్ వీడియో ఎవరన్న పంపితే ఒక్క ప్రశ్న అడగండి: "తమ్మీ, ఆ టమాట పండించినోనికి పైసలు ఎన్నొద్దులకు పడ్డయి?" జవాబు వచ్చినంక షేర్ చేయండి.

మీ ఊర్ల కంపెనీలు ఎట్ల కొంటున్నయో, కాగితం ఇస్తున్నయో లేదో, మీరు కూడా కింద రాయండి. పది ఊర్లవి కలిస్తే కలెక్టర్ కాడికి తీస్కపోదాం.

జై కిసాన్.