చివరి నెల నొప్పి: కాన్పును తొందరపెట్టవచ్చా?

ఎనిమిదో నెల దాటాక కొందరు గర్భిణులకు నొప్పి భరించలేనంతగా వస్తుంది. పక్క మీద అటు నుంచి ఇటు తిరగలేరు, నాలుగు మెట్లు ఎక్కలేరు, రాత్రిళ్లు నిద్ర ఉండదు. ఆ స్థితిలో ‘నొప్పులు తెప్పించి కాన్పు చేసెయ్యండి’ అని డాక్టరును అడగడం సహజం. ఇంట్లో పెద్దవాళ్లు ‘ఆడపుట్టుక, ఓర్చుకోవాలి’ అంటారు. కొన్ని ఆసుపత్రులు వెంటనే ఒక తేదీ రాసిస్తాయి. ఈ రెండు జవాబుల్లోనూ అసలు ప్రశ్న తప్పిపోతోంది. ఆ నొప్పి ఎక్కడిది, ఎందుకు వస్తోంది అన్నది తేలకుండా ఓర్చుకోమనడమూ తప్పే, కాన్పు చేసెయ్యడమూ తప్పే.

చివరి నెలల్లో వచ్చే నొప్పిలో ఎక్కువ భాగం ఎముకలు, కీళ్లు, కండరాలకు సంబంధించినది. కాన్పుకు దారి ఇవ్వడానికి కటి ఎముకలను పట్టి ఉంచే స్నాయువులు హార్మోన్ల ప్రభావంతో వదులవుతాయి. అదే సమయంలో బిడ్డ బరువు పెరిగి నడుము ముందుకు వంగుతుంది. కటి కీళ్లు రెండు వైపులా సమానంగా కదలకపోతే పొత్తికడుపు కింది ఎముక దగ్గర, తుంటి వెనక, తొడల లోపలి వైపు పోటు పుడుతుంది. కటి వలయపు నొప్పి అని పిలిచే ఈ బాధ ప్రతి అయిదుగురు గర్భిణుల్లో ఒకరికి ఏదో ఒక స్థాయిలో ఉంటుంది. తుంటి నుంచి కాలి దాకా లాగే సయాటికా, పక్కటెముకల కింద బిడ్డ కాళ్లు తన్నే నొప్పి, పొత్తికడుపు పక్కల చురుక్కుమనే నొప్పి ఇలాంటివే. తల్లిని ఎంత బాధపెట్టినా ఇవి బిడ్డకు హాని చేయవు.

రెండో రకం దొంగ నొప్పులు. కడుపు కాసేపు గట్టిపడి మళ్లీ వదులవుతుంది. 1872లో వీటిని వివరించిన ఆంగ్ల వైద్యుడు జాన్ బ్రాక్స్‌టన్ హిక్స్ పేరుతో వైద్యులు వీటిని పిలుస్తారు. పక్కకు తిరిగి పడుకున్నా, నీళ్లు తాగినా, కొంచెం నడిచినా ఇవి తగ్గిపోతాయి. అసలు నొప్పులు అలా తగ్గవు. నడుము నుంచి ముందుకు పాకుతూ, విరామం తగ్గుతూ, తీవ్రత పెరుగుతూ పోతాయి. రక్తపు జీరతో జిగురు కనిపించినా, ఉమ్మనీరు పోయినా ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

మూడో రకం నొప్పి ప్రమాద సూచిక. కడుపు చెక్కలా గట్టిపడి, విరామం లేకుండా నొప్పి వస్తే మాయ ముందే విడిపోతూ ఉండవచ్చు. ఆ రక్తం కొన్నిసార్లు లోపలే నిలిచిపోతుంది కాబట్టి బయటికి రక్తస్రావం కనిపించలేదని ఊరుకోకూడదు. కుడి డొక్క కింద నొప్పితో పాటు తలనొప్పి, కళ్లు మసకబారడం, ముఖం ఉబ్బడం ఉంటే అది రక్తపోటుకు సంబంధించిన ప్రీ-ఎక్లాంప్సియా కావచ్చు. ఇంతకుముందు పెద్దాపరేషన్ అయిన స్త్రీకి పాత కోత దగ్గర ఎడతెగని నొప్పి వస్తే గర్భసంచి కుట్టు గురించి ఆలోచించాలి. చలి జ్వరంతో నడుము పక్కన నొప్పి మూత్రపిండాల ఇన్ఫెక్షన్ కావచ్చు. అపెండిసైటిస్, పిత్తాశయపు రాళ్లు గర్భిణులకూ వస్తాయి. వీటిలో ఏ లక్షణం కనిపించినా, బిడ్డ కదలికలు తగ్గినా తెల్లారేదాకా ఆగకూడదు, 108కి ఫోన్ చేయాలి.

ఈ వర్గీకరణ మీదే చికిత్స ఆధారపడుతుంది. మాయ విడిపోవడం, నెలలు నిండిన దశలో ప్రీ-ఎక్లాంప్సియా వంటి వాటికి కాన్పే చికిత్స, అక్కడ ఆలస్యం ప్రాణాంతకం. మూత్రపిండాల ఇన్ఫెక్షన్‌కు మందులు కావాలి, అపెండిసైటిస్‌కు శస్త్రచికిత్స కావాలి. ఆ జబ్బులు కాన్పు చేసినంత మాత్రాన నయం కావు. కటి నొప్పికి, నడుము నొప్పికి ముందు కావలసింది ఆ నొప్పికి చికిత్స. మన దగ్గర ఈ చివరి మెట్టునే దాటేస్తున్నారు.

నిజానికి కటి నొప్పిని తగ్గించే మార్గాలు చాలా ఉన్నాయి. గర్భిణులకు వైద్యం చేసిన అనుభవమున్న ఫిజియోథెరపిస్టు కీళ్ల కదలికను పరీక్షించి వ్యాయామాలు నేర్పగలరు. నడుముకు బెల్టు, పడుకున్నప్పుడు మోకాళ్ల మధ్య దిండు, గోరువెచ్చని కాపడం ఉపశమనమిస్తాయి. మంచం దిగేటప్పుడు రెండు మోకాళ్లూ దగ్గరగా ఉంచి ఒకేసారి తిరగాలి. ఒంటికాలి మీద నిలబడి బట్టలు మార్చుకోకుండా కూర్చుని మార్చుకోవాలి. మెట్లు ఒక్కొక్కటిగా ఎక్కాలి. గొంతుకూర్చుని ఇల్లు తుడిస్తే కాన్పు తేలికవుతుందన్న నమ్మకం చాలా ఇళ్లలో ఉంది. కటి నొప్పి ఉన్న స్త్రీకి ఆ పని బాధను పెంచుతుంది. నేల మరుగుదొడ్డి బదులు కమోడ్ వాడినా తేడా కనిపిస్తుంది.

మందుల విషయంలో జాగ్రత్త అవసరం. డాక్టరు చెప్పిన మోతాదులో పారాసిటమాల్ వాడవచ్చు. మెడికల్ షాపులో అడగ్గానే ఇచ్చే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ మాత్రలు మాత్రం సొంతంగా వాడకూడదు. 20 వారాల తర్వాత అవి బిడ్డ మూత్రపిండాలను దెబ్బతీసి ఉమ్మనీటిని తగ్గించవచ్చు. చివరి మూడు నెలల్లో బిడ్డ గుండె దగ్గర తెరిచి ఉండాల్సిన రక్తనాళం ముందే మూసుకుపోయే ప్రమాదమూ ఉంది. నొప్పులు రావాలని ఆముదం తాగించడమూ మంచిది కాదు. వాంతులు, విరేచనాలతో అప్పటికే అలసిన తల్లి మరింత నీరసిస్తుంది.

ఇవన్నీ చేసినా నొప్పి తగ్గకపోతే కాన్పును ముందుకు జరపడం గురించి ఆలోచించవచ్చు. అక్కడ మొదట చూడాల్సింది గర్భం వయసు. 37 వారాలు నిండితే నెలలు నిండినట్టేనని చాలామంది అనుకుంటారు. అమెరికా ప్రసూతి వైద్యుల సంఘం 2013లో ఈ కాలాన్ని విడగొట్టింది. 37 నుంచి 38 వారాల 6 రోజుల దాకా తొలి దశ, 39 నుంచి 40 వారాల 6 రోజుల దాకా పూర్తి దశ. ఈ విభజనకు కారణం బిడ్డ ఎదుగుదల. 35 వారాల వద్ద బిడ్డ మెదడు బరువు, నెలలు పూర్తిగా నిండినప్పటి బరువులో సుమారు మూడింట రెండు వంతులే ఉంటుంది. ఊపిరితిత్తులు, పాలు తాగే శక్తి, ఒంటి వేడిని నిలుపుకునే శక్తి చివరి వారాల్లోనే పదునెక్కుతాయి. 39 వారాలకు ముందు పుట్టిన బిడ్డల్లో ఆయాసం, కామెర్లు, పాలు తాగలేకపోవడం ఎక్కువ. అందుకే వైద్య కారణం లేకుండా 39 వారాలకు ముందు నొప్పులు తెప్పించకూడదని ఆ సంఘం నియమం. ఆఖరి బహిష్టు తేదీ సరిగా గుర్తులేనివారికి మొదటి మూడు నెలల్లో తీసిన స్కానే నమ్మదగిన ఆధారం.

39 వారాలు నిండాక లెక్క మారుతుంది. 2018లో వెలువడిన ‘అరైవ్’ పరిశోధనలో అమెరికాలోని 41 ఆసుపత్రుల్లో, తొలి కాన్పుకు సిద్ధమైన, ఏ సమస్యా లేని ఆరు వేల మందికి పైగా స్త్రీలను పరిశీలించారు. 39వ వారంలో నొప్పులు తెప్పించిన వారిలో 18.6 శాతానికి, వేచి చూసిన వారిలో 22.2 శాతానికి సిజేరియన్ అయింది. బిడ్డలకు వచ్చిన తీవ్ర సమస్యల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. కాబట్టి తేదీ కచ్చితంగా తెలిసి, 39 వారాలు నిండి, నొప్పితో నలిగిపోతున్న స్త్రీ అడిగితే ‘ఇంకా టైముంది’ అని తోసిపుచ్చడానికి ఆధారం లేదు. ఆ కోరికను విని, లాభనష్టాలు చెప్పి, నిర్ణయం ఆమెతో కలిసి తీసుకోవాలి. ఆమె వేచి చూస్తానన్నా సరే. 41 వారాలు నిండినట్టు కచ్చితంగా తెలిస్తే నొప్పులు తెప్పించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫార్సు చేస్తోంది.

రెండోది గర్భాశయ ముఖద్వారం ఎంత సిద్ధంగా ఉందన్నది. అది ఎంత తెరుచుకుంది, ఎంత పల్చబడింది, ఎంత మెత్తబడింది, ఏ దిశలో ఉంది, బిడ్డ తల ఎంత కిందికి దిగింది అన్న అయిదు అంశాలకు మార్కులు వేస్తారు. 1964లో ఎడ్వర్డ్ బిషప్ రూపొందించిన ఈ కొలతలో గరిష్ఠం 13. ఎనిమిది, ఆపైన వస్తే సహజ కాన్పుకు అవకాశాలు బాగున్నట్టు. తక్కువైతే ముందు ముఖద్వారాన్ని మెత్తబరచాలి. అందుకు జెల్ పెడతారు, మిసోప్రోస్టాల్ మాత్రలు తక్కువ మోతాదులో ఇస్తారు, లేదా చిన్న బెలూన్ ఉన్న ఫోలీ గొట్టం అమరుస్తారు. తర్వాత ఉమ్మనీటి సంచిని తెరిచి, సెలైన్‌లో ఆక్సిటోసిన్ ఎక్కిస్తారు. తొలి కాన్పులో ఇదంతా ఒక రోజు దాటవచ్చు.

ఈ పద్ధతికి కొన్ని నష్టాలున్నాయి, గర్భిణికి వాటిని ముందే చెప్పాలి. మందులతో తెప్పించిన నొప్పులు సహజమైన వాటికంటే తీవ్రంగా అనిపించవచ్చు. గర్భసంచి మరీ తరచుగా బిగుసుకుంటే బిడ్డ గుండె వేగం తగ్గుతుంది, అందుకే ఆ వేగాన్ని గమనిస్తూనే ఉండాలి. ఇంతకుముందు పెద్దాపరేషన్ అయినవారికి నెలలు నిండాక మిసోప్రోస్టాల్ వాడకూడదు, కుట్టు విడిపోయే ప్రమాదముంది. ఎపిడ్యూరల్ సౌకర్యం ఉందో లేదో, అవసరమైతే రాత్రివేళ ఆపరేషన్ చేసే ఏర్పాటు ఉందో లేదో ముందే తెలుసుకోవాలి. ‘మధ్యాహ్నం దాకా నొప్పులు రాలేదు’ అని సాయంత్రానికే ఆపరేషన్‌కు తీసుకెళ్లే చోట నొప్పులు తెప్పించుకోవడమంటే దాదాపు సిజేరియన్‌కు ఒప్పుకున్నట్టే. ‘అరైవ్’ ఫలితాలు ముఖద్వారం మెత్తబడేదాకా, నొప్పులు కుదురుకునేదాకా ఓపికగా ఆగిన ఆసుపత్రులవి.

తెలుగు రాష్ట్రాల్లో ఈ హెచ్చరికకు బరువెక్కువ. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో సిజేరియన్లు 21.5 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో అవి 42.4 శాతం, తెలంగాణలో 60.7 శాతం. ముహూర్తాలకు కాన్పులు కుదుర్చుకునే అలవాటున్న చోట గర్భిణి నొప్పి ఆపరేషన్‌కు మరో సాకుగా మారడం తేలిక. ఈ పరిస్థితికి విరుగుడు ఆమె నొప్పిని కొట్టిపారేయడం కాదు. ఆమె మాట విని, ఓపికగా పక్కనుండి కాన్పు చేయించే చేతులు పెరగాలి. మంత్రసాని నైపుణ్యంలో శిక్షణ పొందిన నర్సులను అన్ని ప్రభుత్వ ఆసుపత్రులకూ ఇవ్వాలి. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు జరిగే ఉచిత పరీక్షల్లో రక్తపోటు, హిమోగ్లోబిన్‌లతో పాటు ‘నొప్పి ఎక్కడ ఉంది, నిద్ర పడుతోందా’ అన్న ప్రశ్న తప్పనిసరి కావాలి. జిల్లా ఆసుపత్రి ఫిజియోథెరపీ విభాగం గర్భిణులకూ అందుబాటులో ఉండాలి.

కాన్పు గదిలోనూ కటి నొప్పిని గుర్తుంచుకోవాలి. నొప్పి లేకుండా మోకాళ్లు ఎంత దూరం విడదీయగలదో ముందే చూసి కేసు షీటులో రాయాలి. వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు బలవంతంగా ఎడం చేయకుండా పక్కకు తిరిగి గానీ, మోకాళ్లూ చేతుల మీద వంగి గానీ కాన్పు కావచ్చు. ఎపిడ్యూరల్ ఇచ్చినప్పుడు ఆమెకు నొప్పి తెలియదు కనుక ఈ జాగ్రత్త మరింత అవసరం.

కాన్పుతో కటి నొప్పి ఆ క్షణమే మాయం కాదు. ఎక్కువమందికి తర్వాతి వారాల్లో, నెలల్లో తగ్గుతుంది. కొందరికి మాత్రం బాలింతగా ఉన్నప్పుడూ ఫిజియోథెరపీ కావాలి. బిడ్డ పుట్టిందని తల్లి నొప్పి గురించి అడగడం మానేయకూడదు.

39 వారాలకు ముందు తీవ్రమైన నొప్పికి కారణం వెతకాలి, ఉపశమనం ఇవ్వాలి. ప్రమాద లక్షణాలుంటే ఏ వారమైనా వెంటనే ఆసుపత్రిలో తేల్చాలి. 39 వారాలు నిండాక, తేదీ, ముఖద్వారం, ఆసుపత్రి సామర్థ్యం చూసుకుని ఆ స్త్రీ తీసుకునే నిర్ణయాన్ని గౌరవించాలి. ఈ మూడు దశల్లో ఎక్కడా ‘ఓర్చుకో’ అన్న మాట వైద్యం కాదు.