హీటరు పెట్టెలో పాఠపరిష్కరణ



పాత వస్తువును బాగుచేసేవాడు దాని పాత భాగాలను వీలైనంతవరకు నిలుపుకోవాలి. నిలుపుకోలేనిచోట కొత్తది వేసి, అది కొత్తదని చెప్పాలి. ఈ టపాలో నా వాదం ఇంతే. దానికి ఉదాహరణగా తీసుకున్నది మాత్రం మీరు ఊహించనిది: అమెరికాలో 1960లలో తయారైన ‘మజిల్ కారు’లోని హీటరు.

జీవితమంతా బడిలో ఛందస్సూ వ్యాకరణమూ చెప్పుకొన్నవాడికి కార్లతో పనేమిటని అడుగుతారేమో. మిషిగన్‌లో మా అబ్బాయి ఇంట కొన్ని చలికాలాలు గడిపాను. పక్కింటి పెద్దాయన తన 1969 నాటి షెవర్లే కమారోను గారేజీలో విప్పి, భాగం తరువాత భాగం సరిచేసుకొంటూ ఉంటారు. హీటరు దగ్గరికి వచ్చేసరికి ఆయనకూ మరమ్మతు చేసేవారికీ పేచీ వచ్చింది. పాతదంతా పారవేసి కొత్త పెట్టె బిగిద్దామని వారు. ఒక్క మరను కూడా మార్చనివ్వనని ఈయన. విన్నకొద్దీ నాకది పరిచయమైన తగవే అనిపించింది.

ముందు ఆ యంత్రం సంగతి. 1964లో పాంటియాక్ జీటీఓతో ఊపందుకొన్న ఈ కార్ల ఘనత అంతా పెద్ద ఇంజనులోనే ఉందని లోకం అనుకొంటుంది. ఆ ఇంజను వేడిలో కొంత భాగాన్ని మనుషులకు పంచేది హీటరు. ఇంజనును చల్లబరచే ద్రవం వేడెక్కి, రెండు రబ్బరు గొట్టాల ద్వారా, ఇంజనుకూ మనుషులు కూర్చునే చోటుకూ నడుమనున్న రేకు దగ్గరికి వస్తుంది. అక్కడి పెట్టెలో ‘హీటర్ కోర్’ అనే చిన్న రేడియేటరు ఉంటుంది. బ్లోయరు గాలిని దాని గుండా తోస్తుంది. లోపలి తలుపు రేకులు ఆ గాలిని కాళ్ళ దగ్గరికో, ముందు అద్దం మీదికో మళ్ళిస్తాయి. డ్యాష్‌బోర్డు మీది మీటలను జరిపితే, సన్నని ఉక్కు తీగలు ఆ తలుపులను కదిలిస్తాయి. బ్లోయరు వేగాన్ని తగ్గించేవి చుట్టలు చుట్టిన నిరోధక తీగలు. అవి వేడెక్కి మాడిపోకుండా వాటిని కూడా ఆ గాలి దారిలోనే అమర్చారు. ఎంత పొదుపైన ఆలోచనో చూడండి.

ఇది సుఖం కోసం మాత్రమే కాదు. 1968 జనవరి 1 నుంచి అమెరికా భద్రతా ప్రమాణాలలో 103వది, ముందు అద్దం మీది మంచునూ ఆవిరినీ తొలగించే ఏర్పాటును కార్లకు తప్పనిసరి చేసింది. చలిదేశంలో అద్దం కనబడకపోతే బ్రేకు పనిచేయనంత ప్రమాదం.

ఇక తగవు. తాళపత్ర గ్రంథాలను పరిష్కరించేవారిలో రెండు జబ్బులున్నాయని మా గురువులు హెచ్చరించేవారు. ఒకరు అర్థం కాని ప్రతి పాఠాన్నీ తీసివేసి, తమకు నచ్చిన మాట పెడతారు. మరొకరు లేఖకుడు చేసిన దోషాన్ని కూడా కవి హృదయమని పూజిస్తారు. మరమ్మతువారిది మొదటి జబ్బు, మా పక్కింటి పెద్దాయనది రెండవది.

ఆ పెట్టెలో ఏది ఉంచదగినది, ఏది మార్చదగినది అని విడివిడిగా విచారించాలి. పైపెట్టె పగలకపోతే కడిగి ఉంచవచ్చు; చిన్న పగులైతే అతకవచ్చు. మీటల పలక, తలుపు రేకులు, తీగలు శుభ్రం చేసి నూనె పెడితే మళ్ళీ కదులుతాయి. బ్లోయరు మోటారును విప్పి తుడిచి సరిచేసే పనివారు ఇంకా ఉన్నారు. పాత భాగాల మీద అచ్చువేసిన సంఖ్యలు, తేదీ గుర్తులు ఉంటాయి. కర్మాగారంలో ఎవరో కార్మికుడు మైనపు పెన్సిలుతో గీసిన గుర్తులు కూడా కొన్ని కార్లలో బయటపడతాయి. గ్రంథం చివర లేఖకుడు రాసుకొన్న గద్య వంటివి అవి. వాటిని తుడిచివేసే హక్కు ఎవరికీ లేదు.

కాని తలుపు రేకుల అంచున అంటించిన స్పంజి పొడిపొడి అయిపోతుంది. రబ్బరు గొట్టాలు బిరుసెక్కి చిట్లుతాయి. ఇవి అరిగిపోవడానికే పుట్టినవి, వీటిని మార్చవలసిందే. హీటర్ కోర్ విషయం సున్నితం. రాగి, ఇత్తడి రేకులను సీసం కలిసిన టంకంతో అతికి చేసిన ఆ పాత కోర్‌ను ఒత్తిడి పెట్టి పరీక్షించాలి. చిన్న చిల్లయితే టంకం వేయించాలి. లోపలంతా తినేసి ఉంటే మార్చాలి. పాతదన్న మోజుతో కారే కోర్‌ను బిగిస్తే ఏమవుతుంది? తియ్యని వాసన వేసే విషద్రవం తివాచీలోకి ఇంకుతుంది, అద్దం మీద జిడ్డు పొరగా పేరుకొంటుంది. దాన్ని మళ్ళీ బయటికి తీయాలంటే సగం డ్యాష్‌బోర్డు విప్పుకోవాలి. అది భక్తి కాదు, మూఢభక్తి.

పూనాలోని భండార్కర్ సంస్థ 1919లో మొదలుపెట్టి 1966లో ముగించిన సంస్కృత మహాభారత పరిష్కరణను తలచుకోండి. సుక్థంకర్ పండితుని పద్ధతిలో, నిశ్చయంగా చెప్పలేని పాఠం కింద అలల వంటి గీత ఉంటుంది. అంగీకరించని పాఠాలు పుట అడుగున ఉంటాయి. చదువరికి ఏదీ దాచలేదు. కార్ల లోకంలోనూ ఇటువంటి నియమం ఉంది. అంతర్జాతీయ పాత వాహనాల సమాఖ్య ‘ఫీవా’ 2012లో ఆమోదించిన టురిన్ పత్రం, మార్చిన భాగాలను మార్చినట్లు తెలిసేలా గుర్తించమంటుంది.

అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. కొత్తగా చేసిన భాగం మీద పాత తేదీ అచ్చువేసి, ఇది పుట్టుకతో వచ్చినదే అని అమ్మేవారున్నారు. 1967 నాటి కమారోను ‘సి48’ అనే సంకేతంతో హీటరు లేకుండా కొనుక్కొనే వీలుండేది; బరువు తగ్గితే పందెంలో లాభమని కొందరు అలాగే కొన్నారు. అవి అరుదైనవి కనుక, ఈనాడు ఉన్న హీటరును పీకివేసి ‘సి48’ అని చెప్పుకొనే ఆశ పుట్టడం సహజం. కవి రాయని పద్యాన్ని చేర్చడం ఎంత తప్పో, రాసిన పద్యాన్ని తీసివేసి కవి రాయనేలేదనడం అంతే తప్పు.

“హీటరు పెట్టెను ఎవరు చూస్తారండీ?” అని మరమ్మతువారు అడిగారట. ఎవరూ చూడరు. కనబడే రంగు విషయంలో అందరూ నిజాయితీగానే ఉంటారు, పదిమంది కళ్ళు పడతాయి కనుక. కనబడనిచోట చేసిన పనిలోనే పనివాడి శీలం తెలుస్తుంది.

కాబట్టి ఎవరి పక్షమూ పూర్తిగా కాని నా తీర్పు ఇది. బాగున్నది ఉంచండి. చెడినది మార్చండి. తీసినదాన్ని పారవేయక, చీటీ కట్టి అట్టపెట్టెలో దాచండి. ఏ రోజున ఏది మార్చారో ఒక కాగితం మీద రాసి కారులోనే ఉంచండి. రేపు ఆ కారు చేతికి వచ్చేవాడికి మీరు ఇవ్వగలిగిన అతి విలువైన భాగం ఆ కాగితమే.

విభేదించేవారు నిస్సంకోచంగా వ్యాఖ్యానించగలరు.