ముందు బీరువా, తర్వాతే తుపాకి

"అమ్మా, నేను స్కూల్లో ట్రాప్ టీములో చేరతాను" అని మా అమ్మాయి అన్నప్పుడు నేను పప్పుకి తాలింపు వేస్తున్నాను. అదేదో డాన్సు కాబోలనుకుని సరేనన్నాను. తుపాకి ఆట అని తెలిసేసరికి తాలింపు మాడిపోయింది.

మేముండేది మిన్నెసోటాలో. స్కూలు పిల్లల క్లే టార్గెట్ లీగ్ 2001లో మొదలైంది ఇక్కడే. 108 మిల్లీమీటర్ల వెడల్పున్న బిళ్ళ ఒకటి గాల్లోకి దూసుకెళ్తుంది. దాన్ని షాట్‌గన్‌తో పగలగొట్టాలి. ఐదు చోట్ల నిలబడి, ఒక్కోచోట ఐదేసి చొప్పున మొత్తం 25 బిళ్ళలు కొడితే ఒక రౌండు. ఆడపిల్లలూ మగపిల్లలూ ఒకే టీములో ఆడతారు. తుపాకి భద్రత శిక్షణ పూర్తి చేసిన సర్టిఫికెట్ ఉంటేనే చేర్చుకుంటారు.

ఫోన్లో మా అమ్మ "ఆడపిల్ల చేతికి తుపాకి ఏమిటే!" అంది. మన హైదరాబాదు అబ్బాయి కైనాన్ చెనాయ్ ఇదే ఆటలో, 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో కాంస్యం తెచ్చాడని చెప్పాను. "అతను మగాడు కదా" అని ఫోను పెట్టేసింది.

ఒప్పుకున్నాక కొనడం దగ్గర తప్పు చేసింది మాత్రం నేనే. పిల్ల సన్నగా ఉంటుంది, బరువు మోయలేదని షాపులో పట్టుబట్టి అన్నిటికన్నా తేలికైనది తీసుకున్నాను. 20 గేజ్ పంప్, ఆరు పౌండ్లు కూడా లేదు. షాపతను కూడా అమ్మాయిలకు ఇదే బాగుంటుందన్నాడు. మూడో వారానికి భుజం కమిలిపోయింది. అంతకన్నా పెద్ద నష్టం ఇంకోటి జరిగింది. ట్రిగ్గర్ నొక్కకముందే పిల్ల కళ్ళు మూసేసుకోవడం మొదలుపెట్టింది. ఇష్టపడి చేరిన పిల్ల శనివారం వస్తోందంటే కడుపునొప్పి అనడం మొదలుపెట్టింది.

అప్పుడు కోచ్ టీము తుపాకి ఒకటి చేతికిచ్చారు. 12 గేజ్ సెమీ ఆటోమేటిక్, ఎనిమిది పౌండ్ల బరువు. నా గుండె ఝల్లుమంది. పిల్ల పది బిళ్ళలు కొట్టి వెనక్కి తిరిగి నవ్వింది.

కారణం చాలా మామూలుది. ఒకే తూటాని తేలికైన తుపాకిలో పేలిస్తే అది ఎక్కువగా వెనక్కి తన్నుతుంది, బరువైనదైతే ఆ దెబ్బని తానే చాలావరకు మింగేస్తుంది. పైగా గ్యాస్‌తో పనిచేసే సెమీ ఆటోలో పేలుడు శక్తి కొంత తర్వాతి తూటాని ఎక్కించే పనికి పోతుంది కాబట్టి భుజానికి తగిలేది ఇంకా మెత్తగా ఉంటుంది. గేజ్ లెక్క కూడా తికమక పెడుతుంది. పౌను సీసాన్ని 12 సమాన గుండ్లు చేస్తే ఒక్కోటి ఎంత లావుంటుందో 12 గేజ్ గొట్టం అంత లావు. అందుకే 20 గేజ్ దానికన్నా సన్నం. గొట్టం సన్నమైతే దెబ్బ కూడా చిన్నదేననుకోవడం నా పొరపాటు. 12 గేజ్‌లో కూడా తక్కువ మందు, తక్కువ రవ్వలు ఉండే తేలిక తూటాలు దొరుకుతాయి.

అందుకే నా అభిప్రాయం ఒకటే. మొదటి తుపాకిని ఎన్నుకోవాల్సింది పిల్ల భుజం, చెంప, కన్ను. అమ్మ భయమూ కాదు, నాన్న సరదా కూడా కాదు. భుజానికి ఆనించి, తల వంచకుండా చెంప కర్ర మీద పెట్టగానే చూపు గొట్టం వెంట నేరుగా పోవాలి. ఏ కన్నుది పైచేయో ముందే చూసుకోవాలి. కుడిచేతివాటం పిల్లకు ఎడమ కన్ను బలంగా ఉంటే గురి పక్కకి పోతుంది. మా కోచ్ ఇదంతా అయిదు నిమిషాల్లో చూశారు.

పొడవు సంగతి కూడా ఉంది. ఎదిగే పిల్లలకు పరికిణీకి టక్కులు వేసి కుట్టించి, ఏడాదికోటి విప్పుతాం కదా. తుపాకి వెనక కర్రకి కూడా అలాంటి బిళ్ళలుంటాయి, పిల్ల ఎదిగేకొద్దీ కలుపుకోవచ్చు. అలా కుదిరేది తీసుకుంటే నాలుగేళ్ళు వస్తుంది. మంచి మాట ఏమిటంటే, మొదటి సీజన్ అసలు కొనకండి. టీముదో, తోటి పిల్లలదో అడిగి నాలుగైదు రకాలు వాడనివ్వండి. మిగిలిన డబ్బు తూటాలకు పనికొస్తుంది. వారానికి రెండు రౌండ్లంటే 50 తూటాలు, అసలు ఖర్చు అక్కడే ఉంది.

మనవాళ్ళకు ఇంకో మాట ప్రత్యేకంగా చెప్పాలి. హెచ్1బీ, హెచ్4 లాంటి వీసాల మీదున్నవాళ్ళు తుపాకి కొనడమే కాదు, దగ్గర ఉంచుకోవడం కూడా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. వేట లైసెన్సు ఉన్నవాళ్ళకు మినహాయింపు లాంటివి కొన్ని ఉన్నాయి. గ్రీన్‌కార్డు రాకముందు పిల్ల అడిగితే, "అందరూ చేరుతున్నారుగా" అనుకోకుండా ముందు లాయర్ని అడగండి.

ఇక నాకు నిద్ర పట్టనివ్వని విషయం. టీనేజి పిల్లలున్న ఇల్లు మనది. ఒక మార్కు తగ్గినా, ఒక స్నేహితురాలు మాట్లాడకపోయినా లోకం మునిగిపోయినట్టుండే వయసు. ఇంట్లో తుపాకి అందుబాటులో ఉంటే ఆత్మహత్య ప్రమాదం పెరుగుతుందని పరిశోధనలు చెబుతూనే ఉన్నాయి. "మా పిల్ల అలాంటిది కాదు" అని ఏ తల్లైనా అంటుంది, నేనూ అంటాను. అయినా అలాంటి గడియ పిల్లల స్వభావం చూసి రాదు. ఇక్కడి పిల్లల డాక్టర్ల సంఘం చెప్పేదీ అదే. తుపాకి ఖాళీగా, తాళం వేసి ఉండాలి. తూటాలు వేరే చోట, వేరే తాళం కింద ఉండాలి.

అందుకే రెండోసారి కొన్నప్పుడు మా ఇంటికి ముందుగా వచ్చింది ఇనప బీరువా. దాన్ని గోడకి బిగించాక, వారం తర్వాత తుపాకి వచ్చింది. ఆ బీరువా కొనే స్తోమతుగానీ, తాళం విషయంలో ఓపికగానీ లేకపోతే తుపాకి కొనకపోవడమే మంచిదని నేను గట్టిగా అంటాను. టీము తుపాకితో ఆడుకుంటే ఆటకేం లోటు రాదు.

చిన్న పనులు కూడా మరవకండి. చెవులకు, కళ్ళకు రక్షణ లేకుండా మైదానంలోకి పోనివ్వకండి. ఇంటికి రాగానే సబ్బుతో చేతులు కడిగించి, ఆ బట్టలు విడిగా ఉతకండి. సీసం దుమ్ము ఇంట్లోకి రాకూడదు.

మొన్న మా అమ్మాయి మొదటిసారి ఒక రౌండులో 21 కొట్టింది. అమ్మమ్మకి ఫోను చేసి చెప్పింది కూడా. నా బంగారం బీరువా తాళం ఎక్కడుంటుందో ఇంట్లో అందరికీ తెలుసు. ఈ బీరువా తాళం ఎక్కడుంటుందో నాకూ మావారికీ తప్ప ఎవరికీ తెలియదు.